కాంతి, తరంగాల ప్రయోగ పెట్టె: మా బడిలో వాడి చూసిన తరువాత ఒక సమీక్ష

ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లలు కాంతి, తరంగాల మౌలిక ధర్మాలను స్వయంగా చేసి చూసుకోవడానికి తయారైన ఒక ప్రయోగ పెట్టెను ఈ విద్యాసంవత్సరం మొదట్లో హనుమకొండ చౌరస్తా దగ్గరి ఒక సైన్సు సామగ్రి దుకాణంలో మా బడి కోసం కొన్నాం. ధర 2,400 రూపాయలు. వరంగల్ జిల్లాలోని ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడిగా, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల చేత ఇందులోని వస్తువులన్నిటినీ వాడించిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇందులోని కాంతి సామగ్రి పెట్టిన డబ్బుకు మించి విలువ చేస్తుంది. తరంగాల సామగ్రి ఫరవాలేదు. కానీ కాంతి కూడా ఒక తరంగమే అన్న సంగతిని పిల్లలకు అందించవలసిన చోట పెట్టె, దానితో వచ్చిన పుస్తకం రెండూ చేతులెత్తేశాయి. ఆ లోటును కొద్దిపాటి ఖర్చుతో, కొంత శ్రమతో ఉపాధ్యాయుడు పూడ్చుకోగలిగితే ఇది తప్పక కొనదగిన వస్తువు.

పెట్టెలో సన్నని చీలికల గుండా ఒకటి లేదా మూడు కిరణాలను కాగితం మీదికి పంపే ఎల్‌ఈడీ కిరణ పేటిక, అర్ధవృత్తాకారపు యాక్రిలిక్ దిమ్మె, దీర్ఘచతురస్రాకారపు దిమ్మె, ఒక పట్టకం (ముక్కోణపు పారదర్శక దిమ్మె), రెండు సమతల దర్పణాలు, వంచడానికి వీలైన ఒక మెరుపు రేకు, ఒక కుంభాకార కటకం, ఒక పుటాకార కటకం, మూడు రంగుల గాజు కాగితాలు, డిగ్రీలు అచ్చువేసిన వృత్తాకారపు అట్ట, ఉక్కు స్ప్రింగు, 512 హెర్ట్జ్‌ల శ్రుతి దండం (తడితే సెకనుకు 512 సార్లు కంపించి ఒకే స్వరం పలికే లోహపు పనిముట్టు), అలలు చూడటానికి పారదర్శకమైన ప్లాస్టిక్ పళ్ళెం, ఒక లేజర్ పెన్ను, తెలుగు, ఇంగ్లిషు భాషలలో ఒక చిన్న పుస్తకం ఉన్నాయి. కటకాల నాభ్యంతరం పది సెంటీమీటర్లని రాసి ఉంది. దూరంలో ఉన్న వేపచెట్టు ప్రతిబింబాన్ని కుంభాకార కటకంతో గోడ మీద పడేటట్లు చేసి పిల్లలు కొలిస్తే ఆ మాట నిజమేనని తేలింది. చవక పెట్టెలలో రాసిన అంకెకూ ఉన్న కటకానికీ పొంతన ఉండకపోవడం తరచూ చూస్తాం కనుక ఈ విషయాన్ని ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఈ మొత్తం సామగ్రిలో నాకు అన్నిటికన్నా నచ్చినది అర్ధవృత్తాకారపు దిమ్మె. వక్రీభవనం అనగానే మనం సాధారణంగా నీళ్ళ గ్లాసులో పెన్సిల్ పెట్టి, వంగినట్లు కనిపిస్తోంది చూడండి అని చెప్పి ముగిస్తాం. అది చూడటం వరకే పనికివస్తుంది, కొలవడానికి పనికిరాదు. ఈ దిమ్మెను డిగ్రీల అట్ట మధ్యలో ఉంచి, కిరణాన్ని సరిగ్గా సమతల ముఖం మధ్య బిందువు దగ్గర తగిలేటట్లు పంపితే, లోపలికి వెళ్ళిన కిరణం వ్యాసార్ధం వెంబడే నడిచి వక్రతలాన్ని లంబంగా తాకుతుంది కాబట్టి బయటికి వచ్చేటప్పుడు మళ్ళీ వంగదు. అందువల్ల వంపు ఒక్కచోటే జరుగుతుంది, ఆ ఒక్క కోణాన్ని పిల్లలు నిశ్చింతగా కొలుచుకోవచ్చు. పతన కోణం (వచ్చే కిరణం దిమ్మె ముఖానికి గీసిన లంబరేఖతో చేసే కోణం) 30 డిగ్రీలు ఉన్నప్పుడు వక్రీభవన కోణం 20 డిగ్రీలకు కొంచెం తక్కువగా, 45 ఉన్నప్పుడు 28 దగ్గర, 60 ఉన్నప్పుడు 35, 36 డిగ్రీల మధ్య వస్తుంది. మా పిల్లలు కొలిచిన విలువలు వీటికి ఒక డిగ్రీ అటూ ఇటూగానే ఉన్నాయి. ఈ ధరలో ఇంత కచ్చితత్వాన్ని నేను ఆశించలేదు.

కోణాలు రెట్టింపైతే వంపు రెట్టింపు కాదని గమనించిన పిల్లలకు అసలు నియమం ఏమిటో చెప్పాలంటే త్రికోణమితిలోని సైన్ విలువలు కావాలి, అవి పై తరగతులలో గాని రావు. పుస్తకం ఇక్కడ ఏమీ చెప్పకుండా తప్పుకుంది. కాగితం మీద దిమ్మె మధ్య బిందువు కేంద్రంగా పది సెంటీమీటర్ల వ్యాసార్ధంతో ఒక వృత్తం గీయించి, పతన కిరణం ఆ వృత్తాన్ని తాకిన చోటి నుంచి లంబరేఖకు ఎంత దూరమో, వక్రీభవన కిరణం తాకిన చోటి నుంచి ఎంత దూరమో స్కేలుతో కొలిపిస్తే సరిపోతుంది. 30 డిగ్రీలకు ఆ దూరాలు 5 సెంటీమీటర్లు, సుమారు 3.4 సెంటీమీటర్లు, 45 డిగ్రీలకు సుమారు 7.1, 4.7. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ప్రతిసారీ ఒకటిన్నరకు దగ్గరగా వస్తుంది. ఆ ఒకటిన్నరే యాక్రిలిక్ వక్రీభవన గుణకం. త్రికోణమితి పేరు ఎత్తకుండానే ఏడో తరగతి పిల్ల, ఈ నిష్పత్తి మారదని చెప్పే స్నెల్ నియమాన్ని తన చేతులతో కనుక్కోవడం నా ఉద్యోగ జీవితంలో నేను ఎంతో ఇష్టపడే సందర్భాలలో ఒకటి. అదే దిమ్మెను తిప్పి, కిరణాన్ని వక్రతలం వైపు నుంచి పంపుతూ కోణం పెంచుకుంటూ పోతే 42 డిగ్రీల దగ్గర బయటికి వచ్చే కిరణం సమతల ముఖానికి ఒరుసుకుని, ఆ తరువాత పూర్తిగా మాయమై, కాంతి అంతా లోపలికే తిరిగిపోతుంది. మన ఊళ్ళకు ఇంటర్నెట్ తెస్తున్న ఫైబరు తీగలో జరిగేది ఇదేనని చెప్పినప్పుడు పిల్లలు దాన్ని నమ్మవలసిన అవసరం లేదు, అప్పటికే చూసేశారు.

పట్టకం విషయంలో మాత్రం నా ఫిర్యాదు గట్టిదే. కిరణ పేటిక వెలుగుతో వచ్చే వర్ణపటం, అంటే రంగుల పట్టీ, పాలిపోయినట్లు ఉంటుంది, తెల్లటి ఎల్‌ఈడీలో అన్ని రంగులూ సమంగా ఉండవు కనుక నీలానికీ ఆకుపచ్చకూ మధ్య వెలితి కనిపిస్తుంది. ఉదయం పూట తూర్పు కిటికీని అట్టతో మూసి, ఆ అట్టకు చిన్న చీలిక పెట్టి ఎండను పట్టకం మీదికి రానిస్తే ఎదుటి గోడ మీద ఎరుపు నుంచి ఊదా వరకు రంగులు నిండుగా పరుచుకుంటాయి. అలా చూపించిన రోజు ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది: "సార్, గీ రంగులు ఎండల ఉన్నయా, గీ అద్దం కలుపుతున్నదా?" న్యూటన్‌కు ముందు పండితులు చాలామంది తెల్లని కాంతి స్వచ్ఛమైనదని, గాజు గుండా పోవడం వల్లనే అది మారి రంగులు పుడతాయని భావించారు. 1666లో పట్టకంతో ప్రయోగాలు మొదలుపెట్టిన న్యూటన్, మొదటి పట్టకం విడదీసిన రంగులలో ఒక్కదాన్నే సన్నని రంధ్రం గుండా రెండో పట్టకం మీదికి పంపి చూశాడు. ఆ రంగు వంగింది గాని కొత్త రంగులుగా విడిపోలేదు. గాజే రంగు కలిపేదైతే రెండోసారి కూడా కలపాలి కదా. ఈ ఫలితాలను ఆయన 1672లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించాడు. మా బడి అమ్మాయి అడిగిన ప్రశ్నకు సమాధానం ఆ రెండో పట్టకంలోనే ఉంది, పెట్టెలో ఉన్నది ఒకటే. ఒక్క పట్టకంతో చేసే ప్రయోగం అందమైన దృశ్యంగా మిగిలిపోతుంది, రెండు ఉంటేనే అది రుజువు అవుతుంది. తయారీదారులు లేజర్ పెన్ను తీసేసి ఆ ఖర్చుతో ఇంకొక పట్టకం పెట్టి ఉంటే ఈ పెట్టె స్థాయే వేరుగా ఉండేది.

ఆ లేజర్ గురించి ప్రత్యేకంగా హెచ్చరించాలి. అది ఆకుపచ్చ రంగుది, దాని మీద సామర్థ్యం ఎంతో ఎక్కడా రాసి లేదు. బోధనకు వాడే లేజర్ ఒక మిల్లీవాటుకు మించకూడదు. చవక ఆకుపచ్చ లేజర్లు చాలా వరకు అంతకు మించి శక్తి వెలువరిస్తాయి, పైగా సరైన వడపోత లేనివాటి నుంచి కంటికి కనిపించని పరారుణ కిరణాలు కూడా వస్తాయి. కనిపించే వెలుగు కంట్లో పడితే రెప్ప మూసుకుంటుంది గాని పరారుణానికి ఆ రక్షణ లేదు. నేను దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను. కిరణ పేటికతో జరగని ప్రయోగం ఏదీ ఈ వయసు పిల్లల పాఠంలో లేదు కాబట్టి, ఈ పెట్టె కొనే ప్రతి ఒక్కరూ మొదట చేయవలసిన పని లేజర్‌ను పిల్లల చేతికి అందకుండా తీసివేయడం.

దర్పణాలు బాగున్నాయి, రెండింటినీ 90 డిగ్రీల కోణంలో నిలబెడితే మూడు ప్రతిబింబాలు, 60 డిగ్రీలకు ఐదు స్పష్టంగా కనిపిస్తాయి. మెరుపు రేకు మాత్రం కొద్ది వాడకానికే గీతలు పడింది. క్రమ పరావర్తనానికీ క్రమరహిత పరావర్తనానికీ తేడా చూపడానికి నలిపిన రేకును వాడమని పుస్తకం చెబుతుంది. వరంగల్, హనుమకొండ పిల్లలకు అంతకన్నా మంచి ఉదాహరణ దగ్గరలోనే ఉంది. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడిలో నల్లరాతి నందిని, నునుపు చేసిన స్తంభాలను చూపించి, పక్కనే గరుకుగా ఉన్న రాయిని చూపిస్తే చాలు. ఒకే రకం రాయి, ఒకే ఎండ. నునుపు చేసిన చోట వెలుగు ఒక దిక్కుకు తిరిగి మెరుస్తుంది, గరుకు చోట అన్ని దిక్కులకూ చెదురుతుంది. పతన కోణం, పరావర్తన కోణం సమానమన్న నియమం రెండు చోట్లా ఒకటే, మారినది తలం మాత్రమే.

రంగు కాగితాలలో ఎరుపు, నీలం సరిగానే ఉన్నాయి. ఆకుపచ్చది కొంత ఎరుపును కూడా వదులుతోంది, అందువల్ల ఎరుపు, ఆకుపచ్చ కాగితాలను ఒకదాని మీద ఒకటి పెట్టినప్పుడు రావలసిన చీకటి రాక పిల్లలు తికమకపడ్డారు. ఎరుపు కాగితం తెల్లని కాంతిని ఎర్రగా మారుస్తుందని పుస్తకం రాయడం అంతకన్నా పెద్ద ఇబ్బంది. అది మార్చదు, ఎరుపును పోనిచ్చి మిగతా వాటిని పీల్చుకుంటుంది. పట్టకంతో వచ్చిన వర్ణపటానికి ఎర్ర కాగితం అడ్డం పెట్టిస్తే, గోడ మీద ఎరుపు మాత్రమే మిగిలి తక్కినవి ఆరిపోవడం పిల్లలు తామే చూస్తారు.

ఇక తరంగాల వైపు వస్తే, ఉక్కు స్ప్రింగు మన్నికైనది. ప్లాస్టిక్ స్ప్రింగులలాగా చిక్కుపడలేదు. తరగతి గదిలోని షాబాద్ బండల నేల మీద ఇద్దరు పిల్లలు చెరొక కొస పట్టుకుని చాచితే, ఒక కొసను పక్కకు ఊపినప్పుడు తిర్యక్ తరంగం, నాలుగైదు చుట్లను దగ్గరకు లాగి వదిలినప్పుడు అనుదైర్ఘ్య తరంగం ఎంతో శుభ్రంగా నడుస్తాయి. ఒక చుట్టకు ఎర్ర రిబ్బను కట్టించాను. తరంగం అవతలి కొసకు చేరినా రిబ్బను ఉన్నచోటనే ఊగి ఆగింది. బతుకమ్మలను చెరువులో వదిలిన సాయంత్రం అలలు వాటి కింది నుంచి ఒడ్డుకు చేరుతున్నా, బతుకమ్మలు పైకీ కిందికీ ఊగుతూ దాదాపు ఉన్నచోటనే ఉండటం మా పిల్లలందరూ చూసినదే. అలతో పాటు నీరు ప్రయాణించదని, ప్రయాణించేది శక్తి అని చెప్పడానికి ఆ జ్ఞాపకం, ఈ రిబ్బను చాలు.

అయితే ఈ స్ప్రింగు ప్రయోగాన్ని వివరించిన పుటలోనే పుస్తకం రెండు తప్పులు చేసింది. మొదటిది, కంపన పరిమితిని (తరంగం ఎంత మేర ఊగుతుందో చెప్పే కొలతను) శృంగం (పై కొన) నుంచి ద్రోణి (అడుగు) వరకు గీసి చూపింది. అది విరామ స్థానం నుంచి శృంగం వరకు ఉండాలి, అంటే పుస్తకం చూపినదానిలో సగం. రెండోది మరింత చేటు చేసేది: స్ప్రింగును వేగంగా ఊపితే తరంగం వేగంగా పోతుందని రాశారు. తరంగ వేగం స్ప్రింగు బిగువును, బరువును బట్టి ఉంటుంది గాని ఊపే చేతిని బట్టి ఉండదు. ఊపే పౌనఃపున్యం (సెకనుకు ఎన్నిసార్లు ఊపుతామో ఆ సంఖ్య) పెంచితే తరంగదైర్ఘ్యం (ఒక శృంగం నుంచి తరువాతి శృంగానికి దూరం) తగ్గుతుంది, వాటి లబ్ధమైన వేగం అలాగే ఉంటుంది. దీన్ని స్ప్రింగుతోనే రుజువు చేయవచ్చు. అవతలి కొసను కదలకుండా పట్టించి, ఇవతలి కొసను లయగా ఊపితే మొదట స్ప్రింగు మొత్తం ఒకే ఉబ్బుగా నిలబడుతుంది. ఊపును రెట్టింపు చేస్తే మధ్యలో కదలని బిందువు ఏర్పడి రెండు ఉబ్బులు వస్తాయి, అంటే తరంగదైర్ఘ్యం సగమైంది. పుస్తకంలోని వాక్యాన్ని కొట్టివేయించి, తాము చూసినదాన్ని పక్కన రాయించాను. అచ్చులో ఉన్నదాన్ని ప్రయోగంతో సరిదిద్దవచ్చని పిల్లలు తెలుసుకోవడం మంచిదే గాని, ఆ అవసరం రాకుండా చూడవలసిన బాధ్యత తయారీదారులది. ఉపాధ్యాయుడు పక్కన లేకుండా ఇంట్లో చదువుకునే పిల్లవాడు ఆ వాక్యాన్నే నమ్ముతాడు.

శ్రుతి దండం స్వరం నిలకడగా ఉంది. గాలిలో ధ్వని వేగం 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సెకనుకు సుమారు 343 మీటర్లు కాబట్టి, 512 హెర్ట్జ్‌ల ధ్వనికి తరంగదైర్ఘ్యం సుమారు 67 సెంటీమీటర్లు. మన ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటినప్పుడు వేగం 355 మీటర్ల దగ్గరికి పెరిగి తరంగదైర్ఘ్యం 69 సెంటీమీటర్లు దాటుతుంది. ఈ లెక్కను చెవితో పరీక్షించే ఏర్పాటు పెట్టెలో లేదు. బకెట్ నీళ్ళలో ఒక పీవీసీ పైపు ముక్కను నిలువుగా ముంచి, పైన మోగుతున్న శ్రుతి దండం పట్టుకుని, పైపును మెల్లగా పైకి లేపితే నీటిమట్టం పైన గాలి పొడవు 16, 17 సెంటీమీటర్ల దగ్గరికి రాగానే ధ్వని ఒక్కసారిగా పెద్దదవుతుంది. అది తరంగదైర్ఘ్యంలో దాదాపు నాలుగో వంతు. అరవై, డెబ్బై రూపాయల పైపు ముక్కతో కంటికి కనబడని తరంగాన్ని స్కేలుతో కొలవవచ్చు. ఆ ముక్కను కూడా పెట్టెలో చేర్చి ఉండవలసింది.

అలల పళ్ళెం దగ్గరే ఈ పెట్టె మంచి అవకాశాన్ని చేజార్చుకుంది. పళ్ళెంలో సెంటీమీటరు లోతు నీరు పోసి, కింద తెల్ల కాగితం పరిచి, పై నుంచి టార్చి వేస్తే అలల శృంగాలు కటకాలలాగా పనిచేసి కాగితం మీద వెలుగు గీతలు కదులుతాయి. వేలితో తాకితే వృత్తాలు, స్కేలు అంచుతో తాకితే సరళరేఖలు. పుస్తకం ఇంతటితో ఆగిపోయి పుట తిప్పింది. ఆ నీటిలోనే ఒక గాజు పలకను దాని అంచు అలల గీతలకు కొంచెం ఏటవాలుగా ఉండేటట్లు పరిచి దాని మీద నీరు రెండు, మూడు మిల్లీమీటర్ల లోతే ఉండేటట్లు చేస్తే, లోతు తగ్గిన చోట అలల వేగం తగ్గి, గీతలు దగ్గరకు జరిగి, వాటి దిశ వంగుతుంది. అర్ధవృత్తాకారపు దిమ్మెలో కిరణం వంగినట్లే ఇక్కడ అల వంగుతుంది. కారణం కూడా అదే: వేగం తగ్గడం. శూన్యంలో సెకనుకు 2,99,792 కిలోమీటర్లు పోయే కాంతి, వక్రీభవన గుణకం ఒకటిన్నర ఉన్న యాక్రిలిక్‌లో సుమారు రెండు లక్షల కిలోమీటర్లే పోతుంది. న్యూటన్ కాంతిని కణాలుగా భావించాడు. ఆ ఊహ ప్రకారం నీటిలో కాంతి వేగం గాలిలో కన్నా ఎక్కువ ఉండాలి. డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ ప్రతిపాదించిన తరంగ వాదం ప్రకారం తక్కువ ఉండాలి. 1850లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఫూకో కొలిచి తక్కువేనని తేల్చాడు. మొదటి ప్రయోగానికీ చివరి ప్రయోగానికీ మధ్య ఉన్న ఈ సంబంధాన్ని చూపడానికి కావలసిన వస్తువులన్నీ, ఒక గాజు పలక తప్ప, పెట్టెలో ఉన్నాయి. పుస్తకం మాత్రం కాంతిని మొదటి సగంలో, తరంగాలను రెండో సగంలో పెట్టి, రెండూ ఒకదానినొకటి ఎరగనట్లు నడిపింది.

దీనికి తోడు, కాంతికి తరంగ స్వభావం ఉందని నేరుగా చూపే వస్తువు ఒక్కటీ లేదు. ఇంగ్లండు శాస్త్రవేత్త థామస్ యంగ్ 1801 నుంచి చేసిన ప్రయోగాలలో రెండు కాంతి పుంజాలు కలిసిన చోట వెలుగు, చీకటి పట్టీలు ఏర్పడటాన్ని చూపి తరంగ వాదానికి బలం ఇచ్చాడు. ఆ ప్రయోగం ఈ వయసుకు కష్టమే. కానీ మూలన పడి ఉన్న పాత సీడీని కిరణ పేటిక వెలుగులో ఏటవాలుగా పట్టుకుంటే రంగుల పట్టీలు కనిపిస్తాయి. సీడీ మీది వరుసల మధ్య దూరం ఒక మీటరులో పది లక్షల వంతును ఒకటి అనుకుంటే 1.6, కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం అదే కొలతలో ఊదాకు సుమారు 0.4, ఎరుపుకు 0.7. ఒక్కో వరుస నుంచి తిరిగివచ్చిన తరంగాలు కలిసినప్పుడు ఒక్కో దిశలో ఒక్కో రంగు బలపడుతుంది. అక్కడ పట్టకం లేదు, వక్రీభవనం లేదు, అయినా రంగులు విడిపోయాయి. దాన్ని కణాలతో వివరించమని అడిగితే పిల్లలు ఆలోచనలో పడతారు. సీడీతో చూసేటప్పుడు సూర్యుని వైపు పట్టకుండా జాగ్రత్తపడాలి.

పుస్తకం చివరి పుటలో నీళ్ళలో నాలుగు చుక్కల పాలు కలిపి వెలుగు పంపే ప్రయోగం ఉంది. పక్క నుంచి చూస్తే నీలి ఛాయ, ఎదురుగా చూస్తే నారింజ ఛాయ చక్కగా వస్తాయి. దాని పక్కన సర్ సి.వి. రామన్ చిత్రం వేసి రామన్ ఫలితం అని రాయడం మాత్రం తప్పు. ఈ ప్రయోగంలో చెదిరిన కాంతి తరంగదైర్ఘ్యం మారదు. పొట్టి తరంగాలు ఎక్కువగా, పొడవైనవి తక్కువగా చెదురుతాయి, అంతే. రామన్ 1928 ఫిబ్రవరి 28న ప్రకటించినది చెదిరిన కాంతిలో కొద్ది భాగపు తరంగదైర్ఘ్యం మారుతుందన్న సంగతి. ఆ తేదీనే జాతీయ సైన్సు దినోత్సవంగా బడులన్నీ జరుపుకుంటాయి కాబట్టి, ఆ రోజున పిల్లలు ఈ పుటను చూసి ప్రదర్శన పెట్టే అవకాశం ఎక్కువ. ఉపాధ్యాయులు ముందుగానే సరిచేసుకోవాలి.

దుకాణం వారి సేవ సంతృప్తిగా ఉంది. ఇంకొక పట్టకం విడిగా కావాలంటే తెప్పించి ఇచ్చారు, గాజుదే, 150 రూపాయలకు. కిరణ పేటిక స్విచ్చి వదులైతే మారు మాట లేకుండా మార్చారు. కొనేవారు దుకాణంలోనే పేటికలో సెల్లులు వేయించి చీకటి మూలకు తీసుకుపోయి కిరణం అంచులు పదునుగా ఉన్నాయో లేదో చూడాలి, దిమ్మెల ముఖాల మీద గీతలు లేవని వేలితో తడిమి కాక వెలుగుకు ఎదురుగా పట్టి నిర్ధారించుకోవాలి. యాక్రిలిక్ వస్తువులను సుద్దపొడి ఉన్న చేతులతో గానీ, గరుకు గుడ్డతో గానీ తుడవకుండా, తడిపిన మెత్తటి నూలు గుడ్డతో తుడిచి విడివిడిగా కాగితంలో చుట్టి పెడితే ఎక్కువ కాలం పనికివస్తాయి. నలభై మంది ఉన్న తరగతికి ఒక పెట్టె చాలదు, కనీసం మూడు ఉంటే గాని ప్రతి జట్టుకూ దిమ్మె చేతికి రాదు. మూడు పెట్టెలకు నిధులు లేని బడులు ఒక పెట్టె కొని, అర్ధవృత్తాకారపు దిమ్మెలను మాత్రం విడిగా మరికొన్ని తెప్పించుకోవడం మేలు.